చెదరని నూనె చుక్క

మా చిన్నప్పుడు... ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా అమ్మ ముందు అడిగేది డాక్టర్ని కాదు, ఇత్తడి పళ్ళేన్ని.

పళ్ళెంలో నీళ్ళు పోసి మంచం పక్కన పెట్టేది. పుల్లతో ఒక్క నువ్వులనూనె చుక్క వేసేది. పలచగా పరుచుకుంటే భయం లేదు, కషాయంతో పోతుంది. పరుచుకోకుండా గుండ్రంగా నిలబడిందా... లోపల ఏదో పట్టుకుందని లెక్క. ఊళ్ళో ఉండగా అది నిలబడడం నేనెప్పుడూ చూడలేదు.

డెబ్భైల చివర్లో నాన్నకి ఫ్యాక్టరీలో పని దొరికి షికాగో పక్కకి వచ్చాం. పళ్ళెమూ పెట్టెలో వచ్చింది. చింతపండుతో తోమడం పోయి సీసా సబ్బు వచ్చింది. అంట్లు నా వంతు. నాకు పన్నెండేళ్ళు.

ఒక మంచు రోజు పొద్దున్నే చెల్లి కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. అమ్మ పళ్ళెం తెమ్మంది. సింకులో సబ్బు నీళ్ళలోంచి తీసి, కడగకుండానే ఇచ్చేశాను... చేతిలో జారుతూనే ఉంది.

చుక్క పడింది. పరుచుకోలేదు. గుండ్రంగా, కన్నులా, మా వంకే చూస్తూ కూర్చుంది.

అమ్మ మొహంలో రక్తం లేదు. "ఏమండీ, కారు తియ్యండి. హాస్పిటల్‌కి."

"నిన్న పిజ్జా తింది, గ్యాస్ అంతే. అక్కడ డాక్టర్‌కి ఏం చెప్తావే, నూనె చుక్క కదల్లేదనా?"

"మీరు డ్రైవ్ చేస్తారా, పిల్లనెత్తుకుని మంచులో నన్ను నడిచి పొమ్మంటారా?"

చేశాడు. అపెండిక్స్. ఇంకాస్త ఆగితే లోపలే పగిలేదట.

అప్పట్నుంచీ ఇంటికొచ్చిన ఆంటీలందరికీ అమ్మది ఒకటే మాట. "మా పళ్ళెం అబద్ధం చెప్పదు." నిలబెట్టింది సబ్బని నాకు తెలుసు. సింకులో ఎన్నిసార్లు వేసి చూశానో... మంచినీళ్ళలో పరుచుకుంటుంది, సబ్బు తగిలితే నిలబడుతుంది. రోగితో పనే లేదు. తంతారని చెప్పలేదనుకోండి... అదీ నిజం కాదు. ఆ గుట్టు నా ఒక్కడికే తెలుసని గర్వం.

నాలుగేళ్ళకి, ఒక ఆదివారం మధ్యాహ్నం, నాన్న గుండెలో మంటన్నాడు. ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. ఈసారి తనే నవ్వుతూ, "నీ పళ్ళెం తేవే, అదేమంటే అది" అన్నాడు.

చెల్లి సంగతి తర్వాత ఆ పళ్ళేన్ని నేను మూడు నీళ్ళు పోసి కడిగేవాణ్ణి. చుక్క పళ్ళెమంతా పరుచుకుంది.

"హమ్మయ్య" అంది అమ్మ. "వాము నీళ్ళు ఇస్తానుండండి."

నేను గుమ్మంలోనే ఉన్నాను. "అమ్మా, అది..." అన్నాను.

"ఏంట్రా?"

"ఏం లేదు."

చీకటి పడక ముందే నాన్న లేడు.

ఆ ఏడే చదువు మానేసి నాన్న ఫ్యాక్టరీలోనే చేరాను. ఎవరి ముందూ తల వంచకుండా బతికాను. పళ్ళెం సరిగ్గానే చెప్పి ఉంటుంది, తనకే చూడడం రాలేదని అమ్మ పోయేదాకా ఏడ్చింది. అప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు కాలం మారింది... గుండె తేడాగా కొట్టుకుంటే చేతి గడియారమే చెప్తోంది. మొన్న మా మనవరాలు స్కూల్ ప్రాజెక్ట్ అని నీళ్ళ మీద మిరియాల పొడి చల్లి, సబ్బు వేలు పెట్టింది. పొడంతా అంచులకి పారిపోయింది. "తాతా, మ్యాజిక్ కాదు, సర్‌ఫేస్ టెన్షన్!" అంది. పేరు తెలియడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. సంగతి మాత్రం ఆ రోజే తెలుసు.

పళ్ళెం ఇంకా నా దగ్గరే ఉంది... మీలో ఎవరికైనా ఇలా తెలిసీ చెప్పని మాట ఉంటే ఇక్కడ తర్వాత రాద్దురుగాని... ముందు ఇంట్లో చెప్పండి.