పంపు బటన్ రాయమల్లు

హుస్నాబాద్ బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు నడిపే రాయమల్లుకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న పిచ్చి ఒక్కటే: ఈమెయిల్ అందంగా కనబడాలి. ఆ రెండింటిలో ఏదున్నా తాను ఇంతకంటే సుఖపడేదని ఆయన భార్య జ్యోతిరాణి నమ్మకం.

షాపు కంప్యూటర్ని నడిపించడానికి, అందరూ వాడేది కాదని, లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాడు. దాన్ని ఎవరైనా ఊరికే తెచ్చుకోవచ్చు, విప్పి తమకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. అందులో మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్లు బోలెడు. పనితనానికి వంక లేదు గానీ, ఒక్కటీ మొహం కడుక్కున్నట్టు ఉండదు. అన్నీ గళ్లు, గీతలు, చీమ తలకాయంత అక్షరాలు. రాయమల్లు వాటిలో ఒకదాన్ని పట్టుకుని రోజూ విప్పుతాడు, బిగిస్తాడు.

"ఇంకెన్ని రోజులు గీ లొల్లి?" అంటుంది జ్యోతిరాణి.

"ఇంకొక్క బటనే. అయిపాయె."

ఆ ఒక్క బటన్ నిన్న ఎడమ పక్కనుంటే ఇవాళ కుడి పక్కన ఉంటుంది. ఓసారి ముత్తయ్య అనే గిరాకీ తమ వాడ రోడ్డు గురించి మున్సిపాలిటీకి ఫిర్యాదు రాయబోయాడు. "అయ్యా, మనవి ఏమనగా" అని కొట్టాడో లేదో, ఆ పొద్దే అక్కడికి కాపురమొచ్చిన 'పంపు' బటన్ నొక్కుకుపోయి మెయిల్ వెళ్లిపోయింది. మర్నాడే జవాబు: "తమ సమస్య పరిశీలనలో ఉన్నది." ముత్తయ్య తృప్తిగా ఇంటికి పోయాడు.

ఇంకో విడ్డూరం. ఆడవాళ్లు ఎవరైనా మెయిల్ పంపాలని వస్తే చాలు, కుర్చీ చూపించి చాయ్‌కి పోతాడు. గిరాకీ వచ్చినప్పుడే ఈయనకు చాయ్ గుర్తొస్తుందని జ్యోతిరాణి మండిపడేది. చివరికి విసిగి, ఈ లినక్స్ పీకేసి అందరూ వాడేదే వేయమని కరీంనగర్ నుంచి కంప్యూటర్ మెకానిక్ హనుమండ్లును పిలిపించింది.

సరిగ్గా అప్పుడే సారక్క వచ్చింది. భర్త మస్కట్‌లో ఉంటాడు. పోయే ముందు ఆమె ఫొటో పెట్టి మెయిల్ ఈ షాపులోనే తెరిపించాడు. ఆమెకు గర్భసంచి ఆపరేషన్. ఆయనకు సెలవు దొరకాలంటే డాక్టర్ కాగితం ఆమె మెయిల్ నుంచి సాయంత్రంలోగా రావాలంది కంపెనీ.

"ఇటియ్యి అక్కా, నేను పంపుత" అన్నాడు హనుమండ్లు.

సారక్క కాగితాన్ని కొంగులో దాచుకుంది. "మగోళ్లకు సూపెట్టేటిది కాదు తమ్మీ. గిందుకే రెండు షాపులకెళ్లి పంపకుంటనే మర్లొచ్చిన" అని గుమ్మం వైపు తిరిగింది.

రాయమల్లు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. "ఎవ్వలకు సూపెట్టకు అక్కా, నువ్వే పంపుకో. బొమ్మలున్నయి" అన్నాడు. హనుమండ్లు భుజం పట్టుకుని "నడువ్, చాయ్ తాగుదాం" అంటూ లాక్కుపోయాడు.

తెర మీద పెద్ద పెద్ద బొమ్మలు, తెలుగు మాటలు. సారక్క తన ఫొటో నొక్కి, తనకు మాత్రమే తెలిసిన అంకెలు కొట్టింది. కంపెనీ నుంచి వచ్చిన మెయిల్ తెరుచుకుంది. కెమెరా బొమ్మ నొక్కి కాగితాన్ని ఎదురుగా పట్టుకుంది. కింద పచ్చగా 'పంపు' అని ఉంది. నొక్కింది.

"పొయిందే అక్కా!" అని జ్యోతిరాణి వైపు తిరిగి చిన్నపిల్లలా నవ్వింది.

జ్యోతిరాణికి ఆయన చాయ్ సంగతి అప్పుడు అర్థమైంది. మొగుడు ముద్దొచ్చాడు.

మగవాళ్లు రెండో చాయ్ కూడా తాగి వచ్చేసరికి జవాబొచ్చింది. సెలవు మంజూరు. హనుమండ్లు సంచి విప్పుతూ, "అక్కా, మరి గీ లినక్స్ తీసెయ్యాల్నా?" అన్నాడు.

"దాన్ని ముట్టినవంటే చూడు!" అని జ్యోతిరాణి మొగుడి వైపు తిరిగింది. "ఇగో, గా కెమెరా బొమ్మను జర పెద్దగ చెయ్యరాదు?"

"ఇయాల్టికి చాల్తియ్" అన్నాడు రాయమల్లు.

"ఇంకొక్క బటనే" అంది జ్యోతిరాణి.