‘ఇగో’ అనే పిలుపు

మనిషి ఉన్నట్టుండి పడిపోతె ఎట్ల బతికియ్యాల్నో నేర్పతందుకు కోరుట్ల నుంచి ఒక సారు మా మల్లాపూర్ సంఘం ఆడోళ్ల కాడికి అచ్చిండు. ఎంబడి మనిషంత రబ్బరు బొమ్మను తెచ్చిండు. ఒక్కొక్కలం దాని రొమ్ము మీద ఒత్తి లేశినంక, సారు దస్తీ తీసి దాని మొకం తుడిచేటోడు, పసిపిల్లకు తుడిచినట్టు. ఆయన అంటె నాకు గదే యాదికస్తది.

"ముందుగాల భుజం తట్టి, పేరువెట్టి గట్టిగ పిలువుండ్రి. పలుకుతడా లేదా సూడాలె. మీ ఆయనే పడిపోయిండనుకోండ్రి" అన్నడు.

అందరం కొంగులు నోటికి అడ్డం వెట్టుకొని నవ్వినం. "మొగని పేరు ఎట్ల వెడ్తం సారూ, సిగ్గుగాదా?" అన్నది మా పక్కింటి ఎల్లవ్వ.

నా వంతు అచ్చింది. బొమ్మ భుజం తట్టి, సారు దిక్కు తిరిగిన.

"సారూ, మా ఇంటాయన పసుపు చేన్ల పడిపోతె ‘ఇగో, ఇగో’ అనే మొత్తుకున్న. పేరువెట్టి పిలువలే. ఆయన మల్ల లేవనే లేదు. గందుకే ఆయనకు ఇనవడలేదా?" అని అడిగిన.

సారు దస్తీ చేతుల వట్టుకొనే నా ఎదురుంగ నేల మీద కూసున్నడు.

"పెండ్లయిన కాంచి ఏమని పిలిచినవమ్మా?"

"ఇగో అనే."

"అయితె నీ నోట్లె ఆయన పేరు గదే. ఇనే ఉంటడు."

మొన్న మా బిడ్డ మెట్‌పల్లిల గదే సారు కాడ నేర్చుకొని అచ్చింది. "పేరువెట్టి పిలువుండ్రి, లేకుంటె ఇంట్ల ఎట్ల పిలుస్తరో గట్లనే పిలువుండ్రి. ‘ఇగో’ అన్నా సరే" అని చెప్తున్నడట.