ర్యాకు వెనకాల రెండుసార్లు లాగింది ఎవరు

మొదలే చెప్తాండా... ఇది నిజంగా జరిగింది. మా అవ్వ దయ్యం కథ చెప్తే "దానికి రేషన్ కార్డు ఉండాదా అవ్వా" అని అడిగిన బాపతు నేను. అట్లాంటోన్ని ఒట్టేసి చెప్తాండానంటే నాకెంత కష్టంగా ఉండాదో చూసుకోండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. ధర్మవరంలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న కంపెనీలో చేరినా. నా పైన సూరన్న అని పెనుకొండాయన ఉండె. ఒక రాత్రి ఇద్దరమూ హిందూపురం పక్కన ఒక నూలు మిల్లుకు పోయినాము. ఆడ కంప్యూటర్లకూ, లెక్కలన్నీ దాచే డిస్కుల పెట్టెకూ నడుమ, ఇనుప బీరువా మాదిరి ర్యాకులో, రెండిటినీ కలిపే స్విచ్ అనే పెట్టె. దానికి రెండు పవర్ సప్లైలు. ఒగటి చచ్చినా ఇంకోటి మోస్తాది. ఆ రోజు ఒగటి చచ్చింది... దాని వైరును ఎలుక కొరికింది. అది తీసి కొత్త వైరు వేయాల. అంతే పని.

పొరపాటున బతికున్నదాని వైరు పీకితే మిల్లంతా నిలబడిపోతాది. ముందు నెల ఒకసారి అట్లే నిలబడింది. "ఇంకోసారైతే ఇంటికే" అని మా ఓనరు సూరన్నకు చెప్పేసినాడు. ఆ ఇంటికి ఆయన జీతమొక్కటే దిక్కు.

ర్యాకు వెనక వైర్లన్నీ ఒకే నలుపు, ఒకే లావు, జడల్లినట్టు. అందుకే మాకొక పద్ధతి. ముందర స్విచ్ దగ్గర నేను వైరు పట్టుకొని ఒకసారి లాగుతా. వెనక సందులో, ప్లగ్గుల దగ్గర, సూరన్న అదే వైరు దొరకబట్టి రెండుసార్లు లాగుతాడు. అప్పుడే పీకేది.

లాగినా... ఒకసారి.

పెట్టెల్లో ఫ్యాన్లు గుయ్యిమంటాండాయి.

చేతిలో వైరు కదిలింది... రెండుసార్లు. మెల్లగా. పసిబిడ్డ కొంగు లాగినట్టు.

"దొరికిందా అన్నా? పీకు."

"ఏం దొరికేది? కళ్లద్దాలు తుడుచుకుంటాండా. ఇంకా ఒగటీ పట్టుకోలేదబ్బా."

"అయితే ఎలుకేలే. మన పద్ధతి నేర్చుకునుండాది."

వెనక సూరన్న వైర్లు తడుముకుంటాండాడు. కొంచేపటికి... "ఆఁ, ఇదిగో, లాగినావు కదా. పట్టుకున్యా. పీకుతాండా."

నేను లాగలేదు.

"అన్నా... పీకద్దు. నేను లాగలే."

"లాగినావప్పా. నా చేతికి తెలిసింది."

"నువ్వు లాగు, చూద్దాం."

నా చేతిలో వైరు చచ్చిన పాములా పడుండాది. దాని పక్కది... బతికున్న సప్లై వైరు... రెండుసార్లు కదిలింది.

"అది కాదన్నా. వదిలెయ్."

"వదిలేసినా."

వైరు ఇంకోసారి కదిలింది.

పారిపోదామంటే చేతికి ఎర్త్ పట్టీ, ఆ పట్టీ ర్యాకుకు క్లిప్పు. మనిషి ఒంట్లో కరెంటు నుంచి పెట్టెను కాపాడేదానికి పెట్టినారు దాన్ని... పెట్టె నుంచి మనిషిని కాపాడేదానికి కాదు.

సూరన్న ముందరికొచ్చినాడు. చొక్కా తడిసిపోయింది. ఇద్దరమూ చచ్చిన సప్లై వైరును స్విచ్ నుంచి అరచేత్తో తడుముకుంటా పోయినాము. ఎలుక కొరికిన చోటు తగిలింది. ప్లగ్గు దాకా పోయి పీకినాము. కొత్త వైరు వేస్తే పచ్చ లైటు వెలిగింది. మిల్లు నిలబడలే. సందులో టార్చి వేసి చూసినాము... ఎలుక కూడా లేదు. ఒక మనిషి పట్టే సందు. దాంట్లో అప్పటిదాకా సూరన్న ఉన్యాడు.

మిల్లు వాళ్లకు ఆయన పని నచ్చింది. కొన్నాళ్లకు ఆడే ఉద్యోగమిచ్చినారు, రాత్రి డ్యూటీ. "వద్దన్నా" అని చెప్పినా.

"వైరు కదిలిందని ఉద్యోగం వద్దనుకున్యా అని ఇంట్లో చెప్పమంటావా?" అన్నాడు. చేరిపోయినాడు.

తర్వాత ఒక రాత్రి ఫోన్ చేసినా. అవతల అదే గుయ్యిమనే సద్దు.

"ఒక్కనివే అన్ని వైర్లూ చూసుకోవల్ల. కష్టం కాదా అన్నా?"

"మొదట్లో కష్టంగానే ఉండె. ఇప్పుడు ముందర నిలబడి ఒకసారి లాగితే చాలబ్బా."

జోకనుకొని నవ్వినా...

అవతల ఫ్యాన్లు తిరుగుతాండాయి. సూరన్న నేను నవ్వేది అయ్యేదాకా ఆగి, "అన్నం తిన్యావా?" అని అడిగినాడు.