వదిన తాగిన సగం కాఫీ

బాపట్లలో సూర్యలంక వెళ్ళే రోడ్డు మీద కొత్తగా పెట్టిన కాఫీ షాపు అద్దాల తలుపు తోయగానే, లోపలి ఏసీ చలి ఒంటికి తగిలేలోపే, వేయించిన కాఫీ గింజల వాసన గుప్పున వచ్చి ముక్కు పట్టుకుంటుంది. రిటైరయ్యాక నాకు పట్టిన పిచ్చి ఇదే. తెనాలిలో కొత్త బిర్యానీ హోటలు తెరిచారంటే ఆ వారంలోనే పోయి తినిరావాలి, రేపల్లె బస్టాండు దగ్గర ఎవరో కారం దోసెలు బాగా వేస్తున్నారని చెవిన పడితే పొద్దున్నే బస్సెక్కాలి, బాపట్లలో ఎన్ని కేకుల షాపులున్నాయో అన్నిటి మెట్లూ ఎక్కి దిగాలి. రుచుల గురించి నాకు పెద్దగా తెలిసిందేమీ లేదు. బాగుంటే బాగుందంటాను, లేకపోతే మంచినీళ్ళు తాగి లేచొస్తాను. "ఈ వయసులో నీకీ తిండి యావేంటే?" అంటారు మా ఆయన. యావ కాదండీ బాబూ, కుళ్ళు. చిన్నప్పటి కుళ్ళు. ఇన్నేళ్ళైనా ఆరలేదు.

మాది రేపల్లె. తెనాలి నుంచి వచ్చే రైలు అక్కడితో ఆగిపోతుంది, ఇక ముందుకు పట్టాలుండవు, మా ఊళ్ళో పుట్టిన పిల్లలకి అదో పెద్ద చిన్నతనం. తెనాలి వాళ్ళు తమ ఊరిని ప్యారిస్ అని చెప్పుకుంటుంటే మేం రైసు మిల్లుల ఊక పడిన కళ్ళు నులుముకుంటూ వినేవాళ్ళం. మా నాన్నది ధాన్యం వ్యాపారం. శనివారం శనివారం పొద్దున రైలుకి తెనాలి వెళ్ళి, బేరాలు చూసుకుని, అక్కడే ఉన్న మా మేనత్త ఇంటికి ఓసారి వెళ్ళి, దీపాలు పెట్టేవేళకి తిరిగొచ్చేవాడు. ఇంట్లో నాన్న పక్కన పీట నాదే. కొత్తావకాయ కలిపిన ముద్దలూ, అడుగున ఎర్రగా కాలిన దిబ్బరొట్టె, చవితికి ఉండ్రాళ్ళూ, వానాకాలం ఉలవచారూ, అన్నీ ఆయన పక్కనే కూర్చుని తిన్నాను. ఆయన మాత్రం ఏం పెట్టినా మాట్లాడకుండా తినేవాడు, ధాన్యం రేటేదో కంచంలో రాసున్నట్టు దానివంకే చూస్తూ. బాగుందనడు, బాగోలేదనడు. "ఈ మనిషికి నాలుకుందా లేదా?" అని మా అమ్మ విసుక్కునేది.

మా మేనత్త కూతురు సుగుణ నాకంటే కాస్త పెద్దది, అంచేత నాకు వదిన. ఎండాకాలం సెలవులకి మా ఇంటికొచ్చేది. వాకిట్లో తాటిముంజెలు జుర్రుకుంటూ, మధ్యాహ్నాలు వసారాలో గచ్చకాయలు ఎగరేసి పట్టుకుంటూ, నోరు మూయకుండా ఒకటే హోటళ్ళ కబుర్లు. ఏ హోటల్లో మసాలా దోసె మూరెడు పొడుగుంటుందో, ఎక్కడ పూరీ బుడగలా పొంగి వస్తుందో, ఎక్కడ ఇడ్లీ మీద అల్లప్పచ్చడి ధారగా పోస్తారో, ఒక్కోటీ చెప్పి, నా మొహం చూసి, మళ్ళీ ఇంకోటి చెప్పేది. హోటలు ఆట ఆడితే యజమాని అదే, తినేదీ అదే, నేను మాత్రం బాదం ఆకుల్లో మట్టి ఇడ్లీలు మోసి పెట్టాలి. పోనీలే, తెనాలి పిల్ల, వాళ్ళ నాన్న తీసుకెళ్తాడు కాబోలు అనుకున్నాను. ఓ రోజు గచ్చకాయ పట్టుకుంటూ మామూలుగా అంది.

"మావయ్యా నేనూ శనివారం శనివారం వంబైటూ తాగుతాం తెలుసా?"

దాని మావయ్య అంటే మా నాన్న! నా చేతిలో గచ్చకాయలు జారిపోయాయి. శనివారాలు మా నాన్న దాన్ని హోటలుకి తీసుకెళ్తున్నాడు. పైగా ఏదో వంబైటూ తాగిస్తున్నాడు! ఆ వంబైటూ ఏంటో నాకు తెలీదు. తెలీదని వదినని అడిగితే నా పరువేం కాను? అదేదో గులాబీ రంగులో, నురగతో, పైన జీడిపప్పు తేలుతూ, తెనాలి వాళ్ళకి తప్ప ఇంకెవరికీ దొరకని సరుకని నాలో నేనే ఊహించుకున్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

నాన్ననే అడిగేశాను, దాన్నెందుకు తీసుకెళ్తున్నావని. "మేనకోడలే అది. అడిగితే కాదంటే మా అక్క ఊరుకుంటుందా?" అన్నాడు.

"మరి నేను?"

"నీకేం తక్కువే, ఇంట్లో మీ అమ్మ చేసి పెట్టట్లా?"

మేనకోడలికి హక్కంట, కూతురికి అన్నమంట! ఇదెక్కడి న్యాయమో నాకర్థం కాలేదు. అలిగాను. కంచం ముందు కూర్చోనని గాదె వెనక నక్కాను. మా నాయనమ్మ "ఆడపిల్లకి హోటలు తిండేంటే, చోద్యం కాకపోతే" అని బుగ్గలు నొక్కుకుంది. అదే హోటలు తిండి తింటున్న సుగుణ కూడా ఆవిడ మనవరాలేనని ఒక్కరికీ గుర్తు రాలేదు. చివరికి నా ఏడుపు భరించలేక నాన్న సరే అన్నాడు.

నూనె రాసి బిగించి వేసిన రెండు జడలతో, పరికిణీ నలక్కుండా పట్టుకుని, ఆ శనివారం రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. భట్టిప్రోలు దాటింది, వేమూరు దాటింది, కాలవగట్ల మీద గేదెలు కనపడ్డాయి, నేను మాత్రం నోట్లో వంబైటూ వంబైటూ అని అనుకుంటూనే ఉన్నాను. నాన్నా నేనూ, ఇద్దరమే. అదీ నా లెక్క. తీరా తెనాలి స్టేషన్లో దిగేసరికి, సెలవులయ్యి ఇంటికెళ్ళిపోయిన సుగుణ వదిన గేటు దగ్గర నవ్వుతూ నిలబడుంది.

ఆడవాళ్ళూ పిల్లలూ కూర్చోవడానికి హోటల్లో వెనకగా కర్టెన్ కట్టిన చిన్న గది ఉంది. వేగే ఉల్లిపాయల వాసన, సాంబారు పొగ, గ్లాసుల చప్పుడు. సర్వరు నాన్నని చూసి "రండి బాబాయ్" అని పలకరించి, "ఏం కావాలమ్మా?" అని నన్నడిగాడు. నేను గొంతు సవరించుకుని, "వంబైటూ" అన్నాను.

"ఎవరెవరికమ్మా?"

"నాకొక్కదానికే."

సర్వరు నవ్వాడు, వదిన బల్లమీద పడి నవ్వింది. "వన్ బై టూ అంటే ఒక కాఫీని ఇద్దరికి పొయ్యడమే పిచ్చిమొహమా, ఒక్కదానివే ఎట్టా తాగుతావే?" అంది. ఇంత బతుకూ బతికి, ఏంటయ్యా అంటే కాఫీ! అదీ సగం! సిగ్గుతో చచ్చినంత పనైనా లోపల చిన్న ఆశ. ఇద్దరు తాగేదైతే మరీ మంచిది, నాన్నా నేనూ తాగొచ్చు. ఇంతలో ఆ సర్వరు వాళ్ళని వారం వారం చూసే మనిషి కాబట్టి అలవాటు కొద్దీ రెండు సగం కప్పులు తెచ్చి, ఒకటి నాన్న ముందూ ఒకటి వదిన ముందూ పెట్టాడు. నాన్న వదిన ముందున్న కప్పు ఇటు జరుపుతాడని చూశాను. జరపలేదు. "నీకు కాఫీ వద్దులే అమ్మడూ, మీ అమ్మ నన్ను తిడుతుంది" అని హార్లిక్స్ చెప్పాడు. నిండు గ్లాసు, నాకొక్కదానికే, దోసెతో సహా. నేను ఎవరి మొహమూ చూడకుండా అటు తిరిగి ఏడ్చాను.

ఆ తర్వాత నన్ను మళ్ళీ హోటలుకి తీసుకెళ్ళమని అడగలేదు, ఆయనా తీసుకెళ్తాననలేదు. నాన్న పోయి చాలా ఏళ్ళైంది. మొన్న తెనాలి వెళ్ళి వదినని వెంటేసుకుని ఊరంతా తిరిగాను. ఆ హోటలున్న చోట సెల్‌ఫోన్ల షాపుంది. కర్టెన్ గదులు లేవు, బాబాయ్ అని పిలిచే సర్వర్లు లేరు, మేం కూర్చున్న కేఫులో కాఫీ రెండుగా పొయ్యమంటే కుదరదన్నారు. చెరో కప్పు తెప్పించుకున్నాం. మాటల్లో నా కడుపులో ఉన్నదంతా కక్కేశాను.

"ఇంకా దానికే ఏడుస్తున్నావటే?" అని నవ్వింది వదిన. "రోజూ మావయ్య పక్కన కూర్చుని అన్నం తిన్నదానివి నువ్వు. నాకు శనివారానికి సగం కప్పేగా." న్యాయమే. ఒప్పుకునేదాన్నే, అక్కడితో ఆపి ఉంటే. కానీ కప్పు ఎత్తుతూ ఇంకోమాట అంది. "మొదటి గుక్క తాగగానే మావయ్య కళ్ళు మూసుకునేవాడు చూడు. కాసేపట్లా ఉండి, హమ్మయ్య అని ఒక్క నవ్వు నవ్వేవాడు. చిన్నపిల్లాడి నవ్వే అది. నువ్వొచ్చిన రోజూ అంతే. నువ్వేమో గోడ వైపు తిరిగి కూర్చున్నావు."

ఇంట్లో ఏ ముద్దకీ ఆయన కళ్ళు మూసుకోగా నేను చూడలేదు. ఒక్కరోజు, ఒక్కసారి, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో మా నాన్న అలా నవ్వాడు. నేను గోడ చూస్తున్నాను. లేతాకుపచ్చ సున్నం వేసిన గోడ, కిందంతా పెచ్చులూడిపోయి ఉంది.