మీ దగ్గర ఎవరున్నారు?

ఆ వీధిలో ఆమెను అందరూ ఎంక్వైరీ అక్క అంటారు. టెలిఫోన్ ఆఫీసులో విచారణ కౌంటరు ఉన్నన్నాళ్లూ ఊళ్లో ఎవరి నంబరు కావాలన్నా ఆమె గొంతే చెప్పేది. విచారణ ఉద్యోగం చేసి చేసి విచారమే మిగుల్చుకుందని వాళ్ల బాబాయి పెళ్లిళ్లలో జోకు వేసేవాడు. బాబాయి పోయాడు, జోకు మాత్రం చుట్టాల్లో నిక్షేపంగా ఉంది. నంబర్లు అడిగేవాళ్లు తగ్గి కౌంటరు మూసేశాక, సగం వయసు పిల్లల మధ్య కూర్చుని వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకుంది. ఇందులో ఆదర్శం వెతకనక్కర్లేదు. వాడకపోతే గొంతు తుప్పు పడుతుందని భయం, అంతే.

మేడ మీద వాటాలో ఒక్కతే ఉంటుంది. ఒంటరిదని జాలిపడేవాళ్లకు కొదవలేదు. జాలిపడటం సులువు. పడేసి, ఎవరింటికి వాళ్లు పోవచ్చు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తే ఆమె టీవీ గొంతు తగ్గిస్తుంది. ఆ చప్పుడు కింది వాటా దగ్గరే ఆగిపోతుంది. మళ్లీ పెంచుతుంది.

ఊళ్లోని ప్రతి కొట్టూ, ప్రతి పనివాడూ దొరికేలా ఒక వెబ్‌సైటు కట్టి ఇవ్వమని వర్తక సంఘం వాళ్లు ఆమెను అడిగారు. ఫోనులో తెరిస్తే, మనం నిలబడ్డ చోటికి ఎవరు దగ్గరైతే వాళ్లు ముందు రావాలి. సంఘం కార్యదర్శికి రంగుల కొట్టుంది. పైన ‘సమీప వ్యాపార సంస్థలు’ అని రాయమన్నాడు.

“అలా ఎవరు మాట్లాడతారండీ? మీరు ఇంట్లో అలాగే మాట్లాడతారా?” అందామె.

“ఇంట్లో నన్ను మాట్లాడనిస్తే కదా, అక్కయ్యగారూ” అని ఆయన లొంగిపోయాడు.

ఆమె ‘మీ దగ్గర ఎవరున్నారు?’ అని రాసింది. వెతికింది దొరకనప్పుడు కనబడే మాట కూడా తనే రాసింది: ‘మీ దగ్గర ఎవరూ లేరు. దూరం పెంచి చూడండి.’

చిక్కంతా చిరునామాలతో వచ్చింది. డోర్ నంబరు అడిగితే జనం ఆమెను వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. పాత టాకీసు వెనక అని ఒకరు, మందుల షాపు పక్క సందు అని ఇంకొకరు. ఎర్ర గేటుకి ఎదురుగా, అక్కడ కుక్క అరుస్తుంది కానీ కరవదు అని గొడుగులు బాగుచేసే ఆయన. మనుషులకు ఇవి చాలు. మ్యాపుకు చాలవు. దానికి పక్కా తెలియదు, వెనకా తెలియదు, కుక్క సంగతి అసలే తెలియదు. చిరునామా అర్థం కానప్పుడల్లా అది మొరాయిస్తుంటే, పని సాగడానికి ఆమె ఒక చిట్కా వాడింది. అర్థం కానివాళ్లందరినీ తాత్కాలికంగా ఒకే చోట పెట్టమంది. ఆ చోటు తన ఇల్లు. తరవాత తీసేద్దాంలే అనుకుంది. ఆ వృత్తిలో ‘తరవాత’ అనేది రాని రోజు పేరు.

సైటు జనంలోకి వెళ్లాక మొట్టమొదట మెట్లెక్కి వచ్చినవాడు విరిగిన గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బాగుచేసేది ఇక్కడేనా అన్నాడు. ఆయాసపడుతుంటే కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. గొడుగు మామగారిదట.

“ఆయన్ని ఎలాగూ బాగుచేయలేం. గొడుగైనా బాగుచేయిద్దామని” అన్నాడు.

చాలా రోజుల తరవాత ఆ గదిలో నవ్వు వినబడింది. అందులో ఒకటి తనదే.

అతను మెట్లు దిగేలోపే ఆమెకు జరిగింది అర్థమైంది. సరిచేయడం చిటికెలో పని. కంప్యూటరు తెరిచింది, అందరినీ తన ఇంట్లో పెట్టమని రాసిన ఆ వాక్యం దగ్గరికి వెళ్లింది, కాసేపు చూసింది, మూసేసింది. మర్నాడు పాలు కొంచెం ఎక్కువ తెప్పించింది.

తరవాత చిరిగిన ప్యాంటుతో ఒకాయన, పాడైన కుట్టుమిషన్ తల చంకనెత్తుకుని ఒకావిడ. ఒకరి వెనక ఒకరు. కింది వాటా వాళ్లనడిగి రెండు కుర్చీలు తెచ్చి వేసింది. అందరికీ దారి ఆమెకు కంఠతా వచ్చు. అయినా “ఒక్క నిమిషం, చూసి చెప్తాను” అనేది, వెనకటి కౌంటరు గొంతుతో. ఆ నిమిషం టీ మరిగేదాకా సాగేది. ఒకరోజు కుట్టుమిషన్ ఆవిడ ఉండగానే చెల్లెలు ఫోను చేసింది.

“అక్కా, ఏవో మాటలు వినిపిస్తున్నాయి. నీ దగ్గర ఎవరున్నారు?”

“ఒకావిడ. దారి తప్పి వచ్చింది.”

“దారి చెప్పి పంపించక ఇంతసేపు కబుర్లేంటి?”

సిగ్నల్ సరిగా లేదని పెట్టేసింది. తను ఎవరినీ మోసం చేయడం లేదు, చివరికి అందరూ చేరవలసిన చోటికే చేరుతున్నారు, మధ్యలో ఒక టీ అదనం. ఇదీ ఆమె లెక్క. ఒంటరితనం ఇలాంటి లెక్కల్లో ఎప్పుడూ ఫస్టు క్లాసే.

ఒక ఉదయం వచ్చినావిడ కాళ్లకు చెప్పుల్లేవు. పాలు పొయ్యి మీద పెట్టి చెత్త పారేయడానికి బయటికొస్తే గాలికి తలుపు పడిపోయిందట. తాళంచెవి లోపల, మంట లోపల. చేతిలో ఫోనుంది కాబట్టి తాళాల మేస్త్రి కోసం వెతికింది. ఫోను చేస్తే ఆయన ఎత్తలేదు. మ్యాపు చూపించిన చోటికి పరిగెత్తుకొచ్చింది. ఏ వీధి అని అడిగితే చెప్పింది. మేస్త్రి బడ్డీ ఆవిడ వీధి చివరే ఉంది. ఆవిడ సరిగ్గా దానికి వీపు పెట్టి ఊరికి అడ్డంగా ఇంతదూరం వచ్చింది.

ఈసారి ‘ఒక్క నిమిషం’ లేదు. తాళంచెవులు కోసే మిషను చప్పుడులో మేస్త్రికి ఫోను వినపడదని తెలిసి, ఆ పక్క జిరాక్స్ షాపుకు చేసి, ఆయన్ని లేపి పంపించమంది. తలుపు తెరిచేసరికి గిన్నె మాడి, పక్కనున్న గుడ్డ అంటుకుని, వంటగది గోడ నల్లబడింది. మనుషులకేమీ కాలేదు.

సాయంత్రం మేస్త్రి మెట్లెక్కి వచ్చాడు. గుమ్మంలో నిలబడి తలుపునోసారి, ఆమెనోసారి చూశాడు.

“మీ ఇంట్లో నేను కొట్టు ఎప్పుడు పెట్టానమ్మా? అద్దె ఏమైనా ఇవ్వాలా?”

ఆమె తప్పయిందంది. ఎలా జరిగిందో చెప్పింది. మొదటిరోజే తెలిసిందన్న ముక్క మాత్రం చెప్పలేదు.

“ఈమధ్య ఒక్కరూ రావట్లేదు. ఊళ్లో జనానికి బుద్ధొచ్చి తాళాలు పోగొట్టుకోవడం మానేశారేమో అనుకున్నా” అంటూ గదంతా కలయజూశాడు. గుమ్మం దగ్గర వరసగా కుర్చీలు, స్టవ్వు పక్కన బోర్లించిన కప్పులు. “మీ దగ్గర ఎవరున్నారమ్మా?”

ఆ మూడు మాటలూ తను రాసినవే. ఊరందరి చేతా చదివించింది. ఎదురుగా నిలబడి తనను అడుగుతారని అనుకోలేదు.

“ఎవరూ లేరు” అంది.

“మరి ఇన్ని కుర్చీలెందుకు?”

ఆమె స్టవ్వు వైపు తిరిగింది. టీ ఇస్తానంటే, బడ్డీ తెరిచిపెట్టి వచ్చానని దిగిపోయాడు.

ఆమె కంప్యూటరులోంచి ఆ చిట్కా వాక్యం తీసేసింది. ఎండలో పడి ఒక్కో కొట్టు ముందు ఫోను పట్టుకుని నిలబడి, ఎవరి గుర్తు వాళ్ల గుమ్మంలో పెట్టింది. ఎర్ర గేటు కుక్క నిజంగానే కరవలేదు. నల్లబడ్డ గోడకు కార్యదర్శి కొట్టు నుంచి రంగు పంపించింది. కుర్చీలు కింది వాటాకు తిరిగిచ్చేసింది. అన్నీ అయ్యాక ఇంట్లో కూర్చుని, అంతా సరిగా ఉందో లేదో చూద్దామని దూరం బాగా తగ్గించి నొక్కింది.

‘మీ దగ్గర ఎవరూ లేరు. దూరం పెంచి చూడండి.’

ఉన్నదున్నట్టే చెప్పింది. సైటు ఇక మాట పడదు.

కార్యదర్శి ఫోను చేశాడు. సంఘంలో అందరూ మెచ్చుకుంటున్నారట, ఫిర్యాదులు ఆగిపోయాయట.

“ఇప్పుడెవరూ దారి తప్పడం లేదు, అక్కయ్యగారూ.”

“అవునండీ” అందామె. “ఎవరూ తప్పడం లేదు.”