బుడ్డోడు నడిచిన అమావాస్య

ఆ రోజుల్లో నాకు దేనిమీదా నమ్మకం ఉండేది కాదు, ఒక్క నా మీద తప్ప. చిక్కబళ్లాపురంలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ల్యాబులో అస్థిపంజరం భుజం మీద చెయ్యేసి ఫోటో దిగినదాన్ని, ఇంక దయ్యాలకూ దిష్టికీ భయపడతానా అని ఇంట్లో అందరి ముందూ గొప్పలు పోయేదాన్ని. (ఆ ఫోటోలో నా కళ్లు మూసుకుని ఉన్నాయి. ఫ్లాష్ పడిందని చెప్పాను.) శనివారం సాయంత్రం బాగేపల్లిలో బస్సు మారి, పాతపాళ్య దగ్గర, కన్నడ రాష్ట్రంలోనే తెలుగు మాట్లాడే మా ఊరు చేరేసరికి నా సైన్సును ఓపిగ్గా వినేవాడు ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. వాడికి అప్పటికి పందొమ్మిది నెలలు.

వాడు మా అన్న కొడుకు. అసలు పేరు రేషన్ కార్డులో ఉంది కానీ మాకందరికీ బుడ్డోడే. బోర్లా పడటం, కూర్చోవడం, పాకడం, చప్పట్లు కొట్టడం, టాటా చెప్పడం, అన్నీ టంచనుగా చేశాడు. గర్భిణులకూ పిల్లలకూ ప్రభుత్వం వారిచ్చే తాయి కార్డులో అంగనవాడి టీచరమ్మ ఒక్కొక్కదాని పక్కనా టిక్కు పెడుతూ వచ్చింది. ఒక్క నడక దగ్గర మాత్రం ఖాళీ అలాగే ఉండిపోయింది. మూడు చక్రాల చెక్కబండి చేయించాం, దాన్ని తోసేసి పాకాడు. చింతామణిలో అడుగేస్తే కుయ్యిమనే బూట్లు కొన్నాం, వాటిని చేతులకు తొడుక్కుని పాకాడు. ఇంటికొచ్చిన ప్రతి అమ్మా "ఇంకా నడీలేదా?" అని అడిగి, వదిన ముఖం చూసి, "నడుస్తాడులేమ్మా" అని వెళ్లేది. వాళ్లు వెళ్లాక వదిన వంటింట్లో తలుపు వెనక నిలబడి ఏడ్చేది. చింతామణి డాక్టరు నెలాఖరు దాకా చూద్దామన్నాడు, అప్పటికీ నడవకపోతే బెంగళూరు పెద్దాసుపత్రిలో స్కానింగులు తీయించాలి. ఇంట్లో ఎవ్వరూ పైకి అనేవాళ్లు కాదు కానీ అందరికీ ఆ నెలాఖరే దిగులు.

ఇంకొకటి కూడా ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. నడిమి గదిలో గోడకు మా తాత ఫోటో ఉంది. బుడ్డోడు పుట్టడానికి ముందటేడే ఆయన పోయాడు. ఆ ఫోటో కింద ఒకప్పుడు ఆయన కుర్చీ ఉండేది, ఇప్పుడు ఖాళీ. బుడ్డోడు పాకుతూ పాకుతూ అక్కడికి పోయి ఆగి, ఎత్తుకోమన్నట్లు రెండు చేతులూ పైకెత్తేవాడు. కాసేపు అలాగే ఉండి కిలకిలమని నవ్వేవాడు. ఒక్కోసారి పొద్దు వాలే వేళ, ఎవరూ బయటికి పోకపోయినా, గడప వైపు తిరిగి టాటా చెప్పేవాడు. "గోడ మీద బల్లి ఉంటుంది, దాన్ని చూస్తున్నాడు" అని నేను సైన్సు చెప్పేదాన్ని. మా అవ్వ (అంటే మా నాయన వాళ్లమ్మ, ఫోటోలో ఉన్న ఆయన పెళ్లాం) గోడంతా ఒకసారి పరికించి, "బల్లి యాడుండాదే?" అనేది. నిజానికి ఉండేది కాదు.

పెద్దల అమావాస్య వచ్చింది. పోయిన పెద్దలకు కొత్త బట్టలు పెట్టి, వాళ్లకిష్టమైనవన్నీ ఆకుల్లో వడ్డించి, ఇంట్లోవాళ్లంతా బయటికొచ్చి తలుపు మూసేస్తారు. పెద్దలు వచ్చి తినిపోతారని నమ్మకం. ఆ కాసేపూ ఎవరూ తొంగిచూడకూడదు. తరవాత ఇంటి పెద్దకొడుకు గట్టిగా దగ్గి, తలుపు తీస్తాడు. తాత ఆకులో ఓళిగలు (బొబ్బట్లు), అలసంద వడలు, నాటుకోడి పులుసు, పక్కన నేల మీద దీపం, కొత్త పంచె, కట్ట బీడీలు, అగ్గిపెట్టె. అగ్గిపెట్టె ఎందుకని నేను నవ్వితే అవ్వ కోప్పడింది. "లేకుంటే ఆయప్ప అగ్గి కోసరం పక్కింటికి పోతాడు. నలుగుర్లో మానం పోతాది." ఆ ఏడు ముందుగా వేసిన వేరుశెనగ, అదే మా చెనక్కాయలు, అప్పుడే పీకాం. నాలుగు రోజులుగా తుంపర పట్టుకుని వదలకపోవడంతో వాటిని నడిమి గదిలోనే, తలుపు నుంచి ఫోటో దాకా, నేలంతా పరిచి ఆరబెట్టాం. నడవడానికి గోడ వారగా ఒక్క పాదం పట్టే దారి ఉంది.

ఆ మధ్యాహ్నం బుడ్డోడి కాపలా నాది. నా ఒళ్లోనే నిద్రపోయాడు. నడిమి గదిలో మూలన, రాగిమూటల వెనక బొంత పరిచి పడుకోబెట్టాను, ఒక్క నిమిషమని. అంతలో హాస్టలు స్నేహితురాలి ఫోను. మా ఊళ్లో సిగ్నలు కావాలంటే వీధి చివరి దాకా పోవాలి. పోయాను, మాట్లాడాను, ఇంకా మాట్లాడాను. తిరిగొచ్చేసరికి అరుగు మీదికి తెరుచుకునే నడిమి గది తలుపు మూసి ఉంది. అవ్వ, నాయన, అమ్మ అరుగు మీద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. అన్న, వదిన మిద్దె మీద కాకులకు పెడుతున్నారు. నేను కూడా భక్తిగా చేతులు కట్టుకున్నాను. బుడ్డోడు నాకు గుర్తే లేడు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

లోపల టంగుమని లోటా పడింది.

అమ్మ నాయన చెయ్యి పట్టుకుంది. నాయన కళ్లు మూసుకుని దండం పెట్టాడు. పళ్లెం జరిగిన చప్పుడు, ఆకు చిరిగిన చప్పుడు, ఆ తరవాత తడిగా, తీరిగ్గా ఎవరో నములుతున్న చప్పుడు. అన్నేళ్లుగా పెడుతున్నాం, ఎన్నడూ ఇలా వినపడలేదు. ఆకాశం మూసుకుపోయి మధ్యాహ్నమే మసక చీకటి పడింది. వీధిలో కుక్క కూడా అరవడం లేదు. అవ్వ మాత్రం నింపాదిగా, "వచ్చినాడు. ఆకలి మీదుండాడు పాపం" అంది. నా ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. వెంటనే బొంత గుర్తొచ్చింది.

భయం పోయింది, అంతకంటే పెద్ద భయం వచ్చింది. లోపల పిల్లోడు, దీపం, అగ్గిపెట్టె! "అవ్వా, లోపల..." అన్నాను. "అవునే, లోపల మీ తాతే. గమ్మునుండు." నాయన వైపు తిరిగాను. "నాయనా, బుడ్డోడు..." ఆయన కళ్లు తెరవకుండానే, "మీ వదిన కాడుండాడులే" అన్నాడు. ఇక్కడ నేను కేకపెట్టి తలుపు తోయాలి. తొయ్యలేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణం నాకు కళ్లముందు కనపడింది దీపం కాదు, నాయన ముఖం. చీవాట్లకు భయపడి పిల్లవాడి ప్రాణం మీద నాలుగు క్షణాలు తాత్సారం చేసినదాన్ని నేను. నేను నోరు తెరిచేలోగా అవ్వ తలుపు దగ్గర చతికిలబడి, సందులో నోరు పెట్టి మాట్లాడటం మొదలుపెట్టింది. (తాత అవ్వకు సొంత మేనమామ. పెళ్లయి అరవై ఏళ్లయినా మామా అనే పిలిచేది.)

"మామా, వినపడతాండాదా? వడలు మెత్తగానే చేపిచ్చినా, తిను. ఒక మాట అడుగుతా. నాకి ఐదుమంది బిడ్డలు. ఒక్కనికన్నా ఏలు పట్టి నడక నేర్పిస్తివా నువ్వు? తెల్లారితే చేను, పొద్దు గూకితే బీడీ. అందరికీ నేనే నేర్పించుకుంటి. ఇప్పుడు నా నడుము వంగదు మామా. ఆ పిల్ల దినామూ తలుపెనకాల ఏడుస్తాండాది. నాకి కనపడదు అనుకుంటాండాది. ఈ ఒక్కనికి నువ్వు నేర్పు. ఇంకేమీ అడగను."

లోపల నమలడం ఆగిపోయింది. ఏ చప్పుడూ లేదు. చూరు నుంచి కారుతున్న నీళ్లు కూడా వినపడేంత నిశ్శబ్దం.

కరక్.

చెనక్కాయ పగిలిన చప్పుడు. కాస్త ఆగి, మళ్లీ, కరక్. బుడ్డోడు చెనక్కాయల మీద పాకితే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, నాలుగు రోజులుగా అదే పని మీదున్నాడు. గలగలమని ఒకటే రొద. ఇది అది కాదు. ఇది అడుగు. ఒక అడుగు, ఆగడం. ఇంకో అడుగు, మళ్లీ ఆగడం. పెద్దవాళ్లు చిన్నవాళ్ల కోసం ఆగుతూ నడుస్తారే, అలాగ. అరుగు మీద ఉన్న ముగ్గురికీ లోపల తాత ఉన్నాడన్న ధైర్యం ఉంది. వాళ్ల ముఖాలు వెలిగిపోతున్నాయి. లోపల ఉన్నది నడక రాని పిల్లవాడని తెలిసింది నాకొక్కదానికే. కరక్. ఈసారి తలుపుకు బాగా దగ్గరగా. ఆ తరవాత కిలకిలమని నవ్వు.

"అది బుడ్డోడి నవ్వు కదా?" అంది అమ్మ. సరిగ్గా అప్పుడే వదిన మిద్దె మెట్లు దిగుతూ, "పిల్లోడు లేచినాడా?" అని నా వైపు చూసింది. నా ఖాళీ చేతుల వైపు చూసింది. అందరూ చూశారు. నాయన దగ్గడం కూడా మరిచి తలుపు తోశాడు.

దీపం కింద లేదు, ఎత్తుగా గూట్లో ఉంది, వత్తి కదలకుండా వెలుగుతోంది. తాత ఆకులో ఓళిగ సగం లేదు. బీడీ కట్ట ఉంది, అగ్గిపెట్టె లేదు. చెనక్కాయల మధ్యలో బుడ్డోడు నిలబడి ఉన్నాడు. గోడ పట్టుకోలేదు, మూట పట్టుకోలేదు. కుడిచెయ్యి మాత్రం తలకంటే పైకెత్తి, పిడికిలి మూసి ఉంచాడు. మా వైపు చూడటం లేదు. పక్కకు, పైకి చూస్తున్నాడు. అలాగే చూస్తూ నాలుగు అడుగులు వేసి గడప దాకా వచ్చాడు. పిడికిలి విప్పాడు. వెనక్కి తిరిగి ఖాళీ గదికి టాటా చెప్పాడు. అప్పుడు మమ్మల్నందరినీ చూసి, దభీమని కూలబడి, ఏడుపు లంకించుకున్నాడు.

వదిన వాణ్ణి గుండెకు హత్తుకుని వాడికంటే గట్టిగా ఏడ్చింది. నేను తల వంచుకుని నిలబడ్డాను, తిట్లు ఎటు నుంచి మొదలవుతాయా అని. నాయన నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు మర్సిపోలేదమ్మా, పెద్దలే మరిపించినారు" అన్నాడు. జన్మలో నాకు అంత తేలిగ్గా దొరికిన క్షమ ఇంకొకటి లేదు. నోరు మూసుకుని పుచ్చుకున్నాను. అగ్గిపెట్టె కోసం ఇల్లంతా వెతికాం, దొరకలేదు. "బీడీలు వాసన చూసి వదిలేసింటాడు, దగ్గు ఉండె కదా" అంది అవ్వ. మర్నాడు అంగనవాడి టీచరమ్మ తాయి కార్డు తెరిచి, "మొదలు నడెదిద్దు యారు నోడిద్రు?" అని కన్నడంలో అడిగింది, తొలి అడుగు ఎవరు చూశారని. అమ్మ తడుముకోకుండా "వాళ్ల ముత్తాత" అంది. టీచరమ్మ ఫోటోకున్న దండ చూసి, టిక్కు పెట్టి, టీ తాగకుండానే వెళ్లిపోయింది.

చింతామణి డాక్టరు, కొందరు పిల్లలు ఆలస్యంగా నడుస్తారు, పడిపోకుండా చేతులు పైకెత్తుతారు అన్నాడు. రెండు చేతులా, ఒక చెయ్యా అని అడగబోయి ఊరుకున్నాను. ఇంటికొచ్చి ఎవరూ లేనప్పుడు ప్రయోగం చేశాను. బుడ్డోణ్ణి చెనక్కాయల మీద నడిపించాను. కాయలు వాడి పాదాల కింద దొర్లాయి తప్ప ఒక్కటీ పగల్లేదు. నేను నడిచాను. కరక్. ఆ ప్రయోగం రికార్డు పుస్తకంలో రాయలేదు, ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నేను చింతామణిలో సైన్సు టీచర్ని. బుడ్డోడికి పదకొండేళ్లు. వాణ్ణి ఒకచోట కూర్చోబెట్టడమే ఇప్పుడు ఇంట్లోవాళ్లకు దిగులు. అవ్వ మొన్న ఎండాకాలంలో పోయింది. ఈ పెద్దల అమావాస్యకు ఆమెకు కూడా ఆకు వేశాం. తలుపు మూసి అరుగు మీద నిలబడ్డాక నాకు ఉండబట్టలేదు. సందులో నోరు పెట్టి, ఎవరికీ వినపడకుండా, "అవ్వా, ఆ పొద్దు వాణ్ణి లోపల మర్చిపోయింది నేనే. ముందే తెలిసి కూడా గమ్మునుంటి. తప్పయింది" అన్నాను. నా వెనకే బుడ్డోడు నవ్వాడు.

"అత్తా, అవ్వకి తెలుసు. తలుపేసింది అవ్వే కదా! మూటలెనకాల నన్ను చూసిందంట. తాతకి చూపించల్లని దీపం గూట్లో పెట్టి, అగ్గిపెట్టె రొంటిన దోపుకోని, అట్లే తలుపేసేసిందంట. నాకి పోయినేడు చెప్పింది. 'మీ అత్తకి మాత్రం చెప్పొద్దురా, ఆ భయం ఉంటేనే పిల్లోళ్లని బాగా చూసుకుంటాది' అనింది."

పదేళ్లు! పదేళ్లు నిద్రలో కూడా మోసిన తప్పు. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. "మరి చెనక్కాయలు పగిలిన సప్పుడు?" అని అడిగాను. "అదేమి సప్పుడు?" అన్నాడు వాడు. తలుపు అవతల ఏ చప్పుడూ లేదు. లోపలి నుంచి చల్లటి గాలి సందులోంచి నా చెంపకు తగులుతోంది. నాయన, ఇప్పుడు ముసలాయన, తలుపు తీయడానికి ముందుకొచ్చి దగ్గబోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఉండు నాయనా, ఇంకాసేపు. అవ్వకి నోట్లో ఒక్క పన్ను లేదు కదా, నిదానంగా తింటాది."