చూడకూడని అంకె

ఆ ప్రయోగశాలలో చేరి నాలుగేళ్ళయినా ఆమె పేరు కొత్తమ్మాయే. ఆమె తరవాత వచ్చినవాళ్ళు కూడా పాతబడిపోయారు, ఆమె మాత్రం పాతబడలేదు. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో అనలేదు, నిజమే. చెడ్డ ఉద్దేశం లేకుండా పెట్టిన పేర్లే ఎక్కువకాలం అంటుకుని ఉంటాయి. ఇంట్లో తల్లి పిలిచేది పిచ్చుకా అని. ఆ పేరు బాగా నప్పింది. గింజ నోట్లో పడినా ఎవరు తరుముతారో అని నాలుగు వైపులా చూసే రకం ఆమె.

తల్లి పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. వాళ్ళుండే వీధిలోంచి, ఆ మనుషుల్లోంచి భౌతికశాస్త్రం దాకా వచ్చింది ఈ పిల్ల ఒక్కతే. అలాంటివాళ్ళు శాస్త్రంలో భూతద్దం పెట్టి వెతికినా దొరకడం లేదని పెద్దలకి ఎప్పటికో తట్టింది. అప్పుడే పరిశోధనలో అడుగుపెట్టిన అటువంటివాళ్ళ కోసం ఒక ఫెలోషిప్ పెట్టారు. అది వస్తే మూడేళ్ళు సొంత పరిశోధన, సొంత బల్ల, తలుపు మీద పేరు. రాకపోతే నెలాఖరుకి ఇక్కడి ఉద్యోగం చెల్లు. ఆ తరవాత ఏదో ట్యుటోరియల్‌లో పిల్లల చేత సూత్రాలు బట్టీ పట్టించుకోవాలి. అదేమీ తక్కువ పని కాదు, కాని అటు వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఇటు వచ్చిన దాఖలాలు లేవు. ఇంటర్వ్యూకి పిలుపు రానే వచ్చింది. పిలుపుతోపాటు భయమూ వచ్చింది.

వాళ్ళ పని చెప్పుకోవడానికి తేలిక. కోడిగుడ్డంత గాజుబుడ్డిలో కాస్త వాయువు బంధించి, అయస్కాంతం నడుమ పెట్టి, లేజరు వెలుగు పంపితే అందులోని పరమాణువులు బొంగరాల్లా తిరుగుతాయి. ఎంత వేగంగా తిరగాలో సిద్ధాంతం చెబుతుంది, నిజంగా ఎంత తిరుగుతున్నాయో వీళ్ళు కొలుస్తారు. రెండింటికీ వెంట్రుకవాసి తేడా కనిపించిందా, కొత్త భౌతికశాస్త్రం. కనిపించలేదా, పాతదే గట్టిదని రుజువు.

అయితే మనిషి ఏది కోరుకుంటే అదే కళ్ళకి కనబడుతుంది. అందుకని ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. గంతలు కట్టుకోవడం అంటారు వాళ్ళు. కొలిచిన ప్రతి అంకెకీ కంప్యూటరు ఒక రహస్య సంఖ్య కలిపేస్తుంది. అదెంతో ఎవరికీ తెలియదు, ప్రయోగశాలకి పెద్దయిన మేడమ్‌కి కూడా. లెక్కలన్నీ తేలి, దిద్దుబాట్లన్నీ పూర్తయి, ఇంక దేన్నీ ముట్టుకోం అని ఒట్టేసుకున్నాకే గంతలు విప్పుతారు. ఆ రోజు మేడమ్ అందర్నీ బల్ల చుట్టూ కూచోబెట్టి ఒక్కొక్కరినే "చూశారా?" అని అడుగుతుంది. అందరూ చూడలేదంటేనే మీట నొక్కుతుంది.

కొత్తమ్మాయి చూసేసింది. కావాలని కాదు. ఓ మధ్యాహ్నం ప్రోగ్రాములో ఏదో తప్పు వెతుకుతూ, పోల్చి చూద్దామని గంతలు కట్టకముందు రాసిన పాత ప్రోగ్రామును తెరిచింది. దానికి ఉత్తుత్తి లెక్కలు ఇవ్వాల్సింది పోయి అసలు కొలతలు ఇచ్చింది. ఆ పాతదానికి రహస్య సంఖ్య సంగతే తెలియదాయె. తెర మీద అసలు అంకె, సిద్ధాంతానికీ కొలతకీ ఉన్న తేడా, ప్రత్యక్షమైంది. సున్నా కాదు, సున్నాకి దరిదాపుల్లో కూడా లేదు. గబగబా తెర ఆర్పేసింది, కాని బుర్రలోది ఆర్పడానికి మీట లేదు కదా. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు.

అప్పుడే వెళ్ళి మేడమ్‌కి చెప్పేస్తే పోయేది. లేచింది కూడా. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. కొత్తమ్మాయికి గంతలంటే ఏమిటో కూడా తెలియదు అంటారు. ఈ ఫెలోషిప్పులకి వచ్చేవాళ్ళింతే అంటారు. ఆ మాట అంతవరకూ ఎవరూ ఆమె మొహం మీద అనలేదు. అనలేదు కాబట్టే ఎప్పుడంటారో అని ఏళ్ళ తరబడి చెవులు రిక్కించుకుని బతికింది. రేపు చెబుదాంలే అనుకుని వెనక్కొచ్చి కూచుంది. మర్నాడు చెప్పడం ఇంకా కష్టమైంది, ఎందుకంటే నిన్న ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న కూడా వచ్చి చేరింది.

ఆ తరవాత భయం ఇంకో రూపం ఎత్తింది. లేజరు తగిలి గాజుబుడ్డి కొంచెం వేడెక్కుతుంది, ఆ వేడికి దిద్దుబాటు వెయ్యాలి. అందుకు రెండు దారులున్నాయి, రెండూ న్యాయమైనవే. ఒకదానిలో ఫలితం పెరుగుతుంది, రెండోదానిలో తగ్గుతుంది. ఆమె పెరిగే దారి పట్టింది. పట్టాక అనుమానం పుట్టుకొచ్చింది. అది మేలైన దారని పట్టిందా, తను చూసిన అంకె ఇంకా గట్టిపడుతుందని పట్టిందా? మనసుని నిలదీసింది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ దొంగా ఇల్లూ కూడా తనే. అన్నం సహించడం మానేసింది.

ఇదే లెక్కని పక్క బల్ల దగ్గర విడిగా చేస్తున్నవాడు ఒకడున్నాడు. ప్రొఫెసరు గారబ్బాయి. తండ్రి ప్రొఫెసరు, తాత ప్రొఫెసరు, మేడమ్‌కి పాఠం చెప్పింది ఆ తండ్రే. మంచివాడే, తన బిస్కెట్లు అందరికీ పంచుతాడు. ఓ రోజు కొత్త సినిమా ఏదో వచ్చిందని "చూశావా?" అని అడిగాడు పాపం. కొత్తమ్మాయికి పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో టీ కప్పు జారి చెప్పుల మీద ఒలికింది. కాలు కాలిందేమో అని అతను కంగారుపడ్డాడు. కాలింది కాలు కాదని ఎలా చెబుతుంది?

గంతలు విప్పే రోజు ఖాయమైంది. ఆ మర్నాడే ఇంటర్వ్యూ. కూతురి లెక్కలు తల్లికి అర్థం కావు, మొహం మాత్రం అర్థమవుతుంది. ఆ సాయంత్రం వంటింట్లో ఎదురుగా కూచోబెట్టుకుని గుచ్చి గుచ్చి అడిగింది. కూతురు ఉన్నదంతా చెప్పింది. తల్లి విన్నంతసేపూ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూనే ఉంది.

"నువ్వు చూడడం ఎవరైనా చూశారా?"

"లేదమ్మా."

"మరింకేం, నోరు మూసుకో. మా దగ్గర ఒక్క దుప్పటి తగ్గితే ముందు ఎవరి సంచి వెతుకుతారో తెలుసా? తీసినవాళ్ళది కాదే పిచ్చుకా, నాది. మనం ఒప్పుకుంటే పోనీలే అనేవాళ్ళు ఎక్కడా ఉండరు."

అమ్మ చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు, అందుకే ఇంకా భయమేసింది. ఆసుపత్రి గేటు దగ్గర ఎవరూ అడక్కుండానే తల్లి సంచి తెరిచి చూపించడం కూతురు చిన్నప్పుడు ఎన్నోసార్లు చూసింది. చూపించినా ఆ కాపలావాడి మొహంలో అనుమానం పోయేది కాదు.

గంతలు విప్పే రోజు గది నిండా సందడి. మిఠాయి డబ్బా కూడా తెచ్చారు. మేడమ్ పెద్దవాళ్ళ దగ్గర మొదలుపెట్టింది. చూశారా, చూడలేదు. చూశారా, చూడలేదు. ప్రొఫెసరు గారబ్బాయి బిస్కెట్ తుంచుకుంటూ "చూడలేదు మేడమ్" అన్నాడు. ఇంక మిగిలింది కొత్తమ్మాయి.

చూడలేదని అంటే చాలు. ఫెలోషిప్ వస్తుంది, పేరొస్తుంది, ఆ అంకె లోకమంతా తిరుగుతుంది. కాని దాన్ని తను కొలిచిందో, తనే కల్పించిందో చచ్చేదాకా తెలియదు. ఆ అంకెని ఎవరు తలుచుకున్నా తను ఉలిక్కిపడుతూనే ఉండాలి. ఫెలోషిప్ పోతుందన్న భయం కంటే ఇది పెద్దదని అప్పుడు తెలిసింది. పెద్ద భయం చిన్న భయాన్ని పక్కకి నెట్టేసింది, అంతే. దాన్ని ధైర్యమని ఎవరైనా అంటే ఆమె ఈనాటికీ ఒప్పుకోదు.

"చూశాను మేడమ్."

ఫ్యాను చప్పుడు కూడా వినబడేంత నిశ్శబ్దం. ఎప్పుడు, ఎలా అని మేడమ్ అడిగింది. పాత ప్రోగ్రాము సంగతీ, వేడి దిద్దుబాటు సంగతీ ఆమె తడబడుతూ చెప్పుకొచ్చింది. ఎవరూ ఆమె మొహంలోకి చూడలేదు. ఒకాయన మిఠాయి డబ్బా మూత మెల్లగా పెట్టేశాడు. కొత్తమ్మాయి లెక్క పక్కన పెడదాం, రెండో లెక్క శుభ్రంగా ఉంది కాబట్టి దాంతో ముందుకెళదాం అంది మేడమ్. రేపు ఇంటర్వ్యూలో ఈ ఫలితం నాదని చెప్పుకోకూడదని కూడా చెప్పి, మీట మీద చెయ్యి వేసింది.

అప్పుడు ప్రొఫెసరు గారబ్బాయి గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క నిమిషం మేడమ్. ఆ లెక్కన నేనూ చూశాను. చాలా రోజులైంది. ఊరికే, ఎంతొచ్చిందో చూద్దామని."

గదంతా ఘొల్లున నవ్వింది. నువ్వేమిట్రా బాబూ అని ఒకాయన అతని వీపు మీద చరిచాడు. బిగుసుకుపోయిన వాళ్ళందరికీ ప్రాణం లేచొచ్చినట్టయింది. కొత్తమ్మాయి మాత్రం కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. తప్పు ఒకటే. తను పొరపాటున చేసింది, అతను కావాలని చేశాడు. తనకి దక్కింది నిశ్శబ్దం, అతనికి దక్కింది నవ్వు. మేడమ్ ఒక్కతే నవ్వలేదు. మీట మీంచి చెయ్యి తీసేసి, మొత్తం కొలతలన్నీ మళ్ళీ తియ్యాల్సిందేనంది.

బయటికొచ్చాక అతను వరండాలో ఆపి, "ఇంత చిన్నదానికి అంతలా వణికిపోయావేంటి? నాకైతే గుర్తు కూడా లేదు" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

మర్నాడు ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. జరిగింది మేడమ్ ముందే ఫోన్ చేసి చెప్పింది, చెప్పక తప్పదు కూడా. వాళ్ళు అమ్మ ఉద్యోగం అడిగారు, వీధి అడిగారు, ఎంత కష్టపడి చదివారో అడిగారు. ఆమె ఒళ్ళో చేతులు బిగించుకుని జవాబులు చెప్పింది. చివరికి నడుమ కూచున్న పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి, చాలా మెత్తగా అన్నాడు.

"మీలాంటివాళ్ళ కోసమే ఇది పెట్టాం. ఇంత జరిగాక మీకిస్తే రేపు నలుగురూ ఏమంటారు? మీ వెనక వచ్చేవాళ్ళకి కూడా దారి మూసుకుపోతుంది కదమ్మా."

వచ్చేసింది. ఏళ్ళ తరబడి ఎక్కడినుంచి వస్తుందో అని చూసిన దెబ్బ ఇంత మెత్తగా వస్తుందని ఆమె అనుకోలేదు.

"ఆ గదిలో ఇంకొకరు కూడా చూశారు సార్" అంది. "ఆయన లాంటివాళ్ళంతా ఇంతేనని ఎవరూ అనలేదు. ఆయన వెనక వచ్చేవాళ్ళకి దారి మూసుకుపోతుందని ఎవరూ బాధపడలేదు. ఆయన తప్పు ఆయన ఒక్కరిదే అయింది. నాది కూడా నా ఒక్కదానిదే అనుకోండి. దానికి నన్నేం చేసినా సరే."

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "వేడి దిద్దుబాటుకి రెండు దారులున్నాయన్నారట. రెండోది ఎందుకు పట్టలేదు?" అన్నాడు. ఆ పొద్దు ఆ గదిలో అడిగిన మొదటి భౌతికశాస్త్రం ప్రశ్న అదే.

ఆమె లేచి బోర్డు దగ్గరికి వెళ్ళింది. రెండు దారులూ పక్కపక్కన రాసింది. రాస్తుండగా సుద్ద రెండుసార్లు విరిగింది.

"నాకు తెలియదు సార్. చూసేశాను కాబట్టి ఇంక ఎప్పటికీ తెలియదు. అందుకే మళ్ళీ మొదట్నుంచీ కొలవాలి."

ఫెలోషిప్ ఇచ్చారు. మూడేళ్ళకి కాదు, ఒక్క ఏడాదికి. తరవాత సంగతి ప్రవర్తన చూసి ఆలోచిస్తామన్నారు. ప్రొఫెసరు గారబ్బాయికి ఆ నెలలోనే పెద్ద సంస్థలో ఉద్యోగం వచ్చింది, అతని ప్రవర్తన చూస్తామని ఎవరూ అనలేదు.